మార్చి నుంచి జూన్ దాకా

బీటెక్ సీటొచ్చి కూడా ఎందుకు వదిలేశావని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. చుట్టాలు, డిప్లొమా క్లాస్‌మేట్లు, ఆఖరికి ఏసీ సర్వీసుకి వెళ్లిన ఇళ్లలో ఆంటీలు కూడా అడుగుతున్నారు. ఒకరికి డబ్బు గురించి చెప్తాను, ఇంకొకరికి కాలేజీ దూరం గురించి చెప్తాను. ఎవరికీ మొత్తం విషయం చేరట్లేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో రామంతాపూర్. నాకు 21 ఏళ్లు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. ఏసీ సర్వీసు, రిపేరు, ఇన్‌స్టలేషన్ నా పని. రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్, నాగోల్, అంబర్‌పేట ఈ చుట్టుపక్కలే తిరుగుతాను. చాలామంది ఫోన్లలో నా నంబరు 'ఏసీ తమ్ముడు' అని ఉంటుంది. నాతో ఒక హెల్పర్ ఉంటాడు. నాకు పని నేర్పిన ఉస్తాద్ గోల్నాకలో ఉంటారు. పెద్ద పని పడితే ఇద్దరం కలిసి చేస్తాం. ఇంటర్ బదులు పాలిటెక్నిక్‌లో చేరిన మొదటి వేసవి సెలవుల్లోనే ఆయన వెంట బ్యాగ్ మోయడానికి వెళ్లాను. అప్పట్నుంచీ ఏ వేసవీ ఇంట్లో కూర్చోలేదు.

ఈసారి ఈసెట్ రాశాను. డిప్లొమా వాళ్లు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే పరీక్ష అది. 200 ప్రశ్నలు, మూడు గంటలు. సగం మార్కులు మన బ్రాంచికి, మిగతా సగం మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీకి. పరీక్ష మేలో ఉంటుంది. ఏసీ పని చేసేవాడికి మే అంటే ఏమిటో ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున ఏడింటికి మొదటి ఇల్లు, రాత్రి తొమ్మిది దాటాక ఆఖరి ఇల్లు. మధ్యలో ఎండకి కాలిపోతున్న సన్‌షేడ్ మీద కూర్చుని అవుట్‌డోర్ యూనిట్ విప్పాలి. స్క్రూడ్రైవర్ కాసేపు ఎండలో పెడితే మళ్లీ గుడ్డతో పట్టుకోవాల్సిందే. ఆ నెలలో రాత్రి పదకొండింటికి పుస్తకం తీసి రాసిన పరీక్షలో వచ్చిన ర్యాంకుకి ఘట్‌కేసర్ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో మెకానికల్ సీటొచ్చింది.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ మొదట అదే అడుగుతారు. మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా హెల్పర్ కూలి, పెట్రోలు, గ్యాస్, స్పేర్ పార్టులు అన్నీ తీసేస్తే నెలకి దాదాపు యాభై వేలు మిగుల్తుంది. మిగతా నెలల్లో పది, పన్నెండు వేలు. వానాకాలంలో ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) పోతాయి, చలికాలంలో గీజర్లు చూస్తాను, అప్పుడప్పుడు వాషింగ్ మెషిన్లు. అంతా కలిపితే ఏడాదికి మూడు లక్షలకి అటూ ఇటూ. నా సీనియర్లు బీటెక్ అయ్యాక ఏసీ కాంట్రాక్టర్ల దగ్గర సైట్ ఇంజనీర్లుగా చేరితే మొదట్లో ఇచ్చింది నెలకి పద్దెనిమిది, ఇరవై వేలు. అంటే నేను మూడు సీజన్లు వదులుకుని, ఫీజు కట్టి, బయటికొచ్చాక ఇప్పుడు సంపాదించేదానికంటే తక్కువతో మొదలుపెట్టాలి. లెక్క ఇంతే అయితే ఈసెట్ ఫారమే నింపేవాణ్ని కాదు.

పైగా ఈ సంపాదన గట్టిదేమీ కాదు. 2025 మే గుర్తుందా? నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళని తాకాయి. మనకి ఆ నెలాఖరుకే వానలు వచ్చేశాయి. చల్లబడిందని జనం సంతోషపడ్డారు, మా ఫోన్లు మోగడం ఆగిపోయింది. సీజన్లో సగం ముక్క కోసేసినట్టయింది. ఆ సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అమ్మకాలు పెరిగితే మాకూ పని పెరుగుతుంది. ఇలా వాన మీద, పన్ను మీద, ఎండ మీద నడిచే పని ఇది. అందులో నా చేతిలో ఉండేది నా పనితనం ఒక్కటే. పనితనమైనా ఎన్నాళ్లు? ఉస్తాద్‌కి యాభై రెండేళ్లు. మోకాళ్లు సహకరించక మూడో అంతస్తు పైన అవుట్‌డోర్ యూనిట్ ఉంటే నన్నే పంపుతారు. నేను గ్రిల్ దాటి అవతలికి దిగుతుంటే కింద నిలబడి "తాడు కట్టుకున్నవా బేటా" అని అరుస్తుంటారు. ఆ వయసుకి నేను కూడా ఇలాగే నిచ్చెన కింద నిలబడకూడదని నా కోరిక.

అసలు చదువు మీద నాకు ఆశ ఎక్కడ పుట్టిందో చెప్తాను. డబ్బు కంటే ఇదే నాకు ముఖ్యం.

మూసీకి దగ్గర్లో ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో ఏసీకి ప్రతి ఏడాదీ గ్యాస్ పోతుంది. ముందు వచ్చిన మెకానిక్‌లు గ్యాస్ నింపి డబ్బు తీసుకుని వెళ్లిపోయేవారు. నేను వెళ్లినప్పుడు ఇండోర్ యూనిట్ కిందికి దించి, కాయిల్ విప్పి, నైట్రోజన్‌తో ఒత్తిడి మూడొందల పీఎస్‌ఐ దాకా ఎక్కించి, బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో నీళ్లు పోసి ముంచాను. ఒక్కచోట కాదు, నాలుగైదు చోట్ల సన్నగా బుడగలు వచ్చాయి. అంత సన్నగా అంటే, చూపు మరల్చకుండా చూస్తే తప్ప కనపడవు. వంపు దగ్గర రాగి పైపు మామూలుగా ఎర్రగానో కాస్త పచ్చగానో ఉండాలి. ఇది బొగ్గులా నల్లగా ఉంది. గోరుతో గీరితే నల్లటి పొడి రాలింది. బ్రేజింగ్ చేసి, అంటే మంటతో లోహం కరిగించి అతికి, ఒకచోట మూసినా పక్కన ఇంకోచోట తెరుచుకుంటుంది. అప్పుడు ఆ ఇంటి అమ్మగారు మాటల్లో, "మా ఇంట్లో వెండి సామాను కూడా ఊరికే నల్లబడుతుంది బాబూ, కుంకుమ భరిణె నెలకోసారి తోముతా" అన్నారు.

నాకు అక్కడే వెలిగింది. మూసీలో పారే మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెండినీ రాగినీ తింటుంది, రాగి మీద నల్లటి కాపర్ సల్ఫైడ్ పొర కడుతుంది. డిప్లొమా కెమిస్ట్రీలో మార్కుల కోసం చదివిన సంగతే. కంపెనీ వాళ్లు గొప్పగా చెప్పే నీలం రంగు పూత అల్యూమినియం రెక్కల కోసం, రాగి వంపులకి అది పెద్దగా ఆసరా కాదు. ఆ అమ్మగారికి గ్యాస్ నింపడం దండగని చెప్పి, కాయిల్ మార్చి, బయటికి కనపడే వంపుల మీద కోటింగ్ వేయించాను. కోటింగ్ దేనితో వెయ్యాలి, వేడి మార్పిడికి అది ఎంత అడ్డమవుతుంది, ఎంత మందం దాటకూడదు అన్నవి మాత్రం నాకు లెక్క కట్టడం రాలేదు. ఉస్తాద్‌కి రాదు, రాణిగంజ్‌లో స్పేర్ పార్టులు అమ్మే సేఠ్‌కీ రాదు. ఆ లెక్క హీట్ ట్రాన్స్‌ఫర్ పుస్తకంలో ఉంటుందని తెలుసు, తెరిచి చూశాను, మూడో పేజీలో డిఫరెన్షియల్ ఈక్వేషన్ దగ్గర ఆగిపోయాను. ఆ రోజు నుంచీ బీటెక్ నా మనసులో ఉంది.

డిప్లొమా చివర్లో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది. నాది ఒక సెంట్రల్ ఏసీ కాంట్రాక్టర్ దగ్గర, గచ్చిబౌలి వైపు ఆఫీసు బిల్డింగుల్లో. అక్కడ ఒక ఇంజనీర్ మేడమ్ గోడకి అంటించిన పెద్ద చార్టు మీద స్కేలు పెట్టి గీతలు గీసేవారు. సైక్రోమెట్రిక్ చార్ట్ అది. ఏసీని కనిపెట్టిన విల్లిస్ క్యారియర్ 1911లో ప్రచురించిన లెక్కలే దానికి పునాది అని ఆమే చెప్పారు. బయటి గాలి ఎంత వేడి, ఎంత తేమ అని ఒక చుక్క, హాల్లో మనుషులకి ఎలా ఉండాలో ఇంకో చుక్క, రెండింటినీ కలిపి గీత గీస్తే ఆ హాలుకి ఎన్ని టన్నులు కావాలో తేలిపోతుంది. టన్ను అంటే బరువు కాదని కూడా అక్కడే తెలిసింది. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని గదిలోంచి తీసెయ్యగల శక్తి, అంటే గంటకి 12,000 బీటీయూ (వేడిని కొలిచే కొలత). ఉస్తాద్ లెక్క వేరు. పది బై పన్నెండు గదికి టన్ను, పైన టెర్రస్ ఉంటే ఒకటిన్నర. ఆ లెక్క ఇళ్లకి సరిపోతుంది. నలభై మంది కూర్చునే హాలుకో, నాలుగు మెషిన్లు వేడి కక్కే డయాగ్నస్టిక్ సెంటర్‌కో సరిపోదు.

ఇంకొకటి. మా పనిలో గ్యాస్ మారిపోతూ ఉంటుంది. ఉస్తాద్ నేర్చుకున్నది ఆర్-22. ఓజోన్ పొరని దెబ్బతీస్తుందని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం దాన్ని 2030 నాటికి దాదాపు పూర్తిగా ఆపాలి. నేను నేర్చుకున్నది ఆర్-410ఏ, ఆర్-32. ఇవి ఓజోన్‌ని ఏమీ చెయ్యవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. 2016లో జరిగిన కిగాలీ సవరణ ప్రకారం వీటినీ మన దేశం 2032 నుంచి మెట్టు మెట్టుగా తగ్గిస్తూ 2047కి 85 శాతం దాకా తగ్గించాలి. తర్వాత ఎక్కువగా వచ్చేవాటిలో ప్రొపేన్, అంటే ఆర్-290 ఉంటుంది, ఇప్పటికే కొన్ని ఏసీల్లో ఉంది. అది సిలిండర్ గ్యాస్‌లా అంటుకుంటుంది. ఆర్-32కే కాస్త మండే గుణం ఉంది. అయినా లోపల గ్యాస్ పూర్తిగా తియ్యకుండా అతుకులు వేసే మంట టార్చ్ వెలిగించేవాళ్లని నేను కళ్లారా చూశాను. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు కావాలి. నేను నలుగురు కుర్రాళ్లని పెట్టుకున్న రోజున వాళ్ల ప్రాణాలకి నాదే బాధ్యత. అందుకైనా నేను చదవాలి.

ఇంత ఆశ ఉన్నవాడు సీటెందుకు వదిలాడని ఇప్పుడు అడుగుతారు.

సీటు తీసుకుంటున్నానని ఆన్‌లైన్‌లో చెప్పే సెల్ఫ్ రిపోర్టింగ్ గడువుకి ముందు ఒక రోజు పని ఆపుకుని ఆ కాలేజీకి వెళ్లొచ్చాను. చేరబోయే చోటు ముందు చూసుకోవాలని నా పట్టుదల. బిల్డింగ్ బాగుంది, చెట్లున్నాయి, క్యాంటీన్ శుభ్రంగా ఉంది. మెకానికల్ బ్లాక్‌లో రిఫ్రిజిరేషన్ ల్యాబ్ చూపించమని అడిగితే ల్యాబ్ అసిస్టెంట్ అన్న తాళం తీశాడు. ఒక టెస్ట్ రిగ్ ఉంది. కంప్రెసర్, కండెన్సర్, గాజు గొట్టంలో ఫ్లో మీటర్, రెండు ప్రెషర్ గేజ్‌లు, అన్నీ ఒక బోర్డుకి నీట్‌గా బిగించి ఉన్నాయి. నా కళ్లు నేరుగా గేజ్‌ల మీదకి వెళ్లాయి. రెండు ముళ్లూ సున్నా మీదున్నాయి. మెషిన్ ఆగి ఉన్నా సరే, లోపల గ్యాస్ ఉంటే రెండు గేజ్‌లూ సమానమైన ఒత్తిడి చూపించాలి. సున్నా ఉందంటే లోపల ఏమీ లేదు. సర్వీస్ వాల్వ్ మూత తీసి పిన్ను నొక్కాను. బుస్సుమని రాలేదు.

"ఏడాది దాటింది తమ్మీ, నడుస్తలేదు. రికార్డు పాత రీడింగులతోని రాస్తరు పిల్లలు" అన్నాడు ఆ అన్న. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మెకానికల్‌లో చేరేవాళ్లు తగ్గిపోయారు, రిపేరుకి బడ్జెట్ అడిగితే కంప్యూటర్ ల్యాబ్‌కి పోతుందట. అరగంటలో లీకు పట్టుకుని, సాయంత్రానికి గ్యాస్ నింపి ఇవ్వగలను, అడిగితే డబ్బు తీసుకోకుండా చేసిచ్చేవాణ్ని. కానీ నేను ఏ సబ్జెక్టు కోసం మూడేళ్లు ఇవ్వాలనుకుంటున్నానో, ఆ సబ్జెక్టు రీడింగులనే అక్కడ పాత రికార్డు చూసి రాయాలి.

హెచ్‌ఓడీ సార్ మంచివారు, సూటిగా మాట్లాడారు. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. రెండో సెమిస్టర్ ఎప్పుడుంటుంది సార్ అని అడిగాను. విద్యా సంవత్సరం రెండో సగంలో, ఎండాకాలం అంతా అందులోనే అన్నారు. కాలేజీ బస్సు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పొద్దున ఏడున్నరకి ఎక్కితే సాయంత్రం ఐదు దాటాక దించుతుంది.

చదువా, వ్యాపారమా అని మా ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న గొడవ నాకు ఆ గదిలో వేరేలా కనిపించింది. ఏడాదిలో ఎనిమిది నెలలు నేను చదువుకోగలను. హాయిగా చదువుకోగలను. జూలై నుంచి ఫిబ్రవరి దాకా రోజుకి రెండు మూడు కాల్స్ కంటే రావు. గొడవంతా మార్చి నుంచి జూన్ దాకా నేనెక్కడుంటానన్నదే. ఆ నాలుగు నెలలు రోజుకి పది గంటలు ఘట్‌కేసర్‌లో ఉంటే ఈ పని నా చేతిలో మిగలదు. ఆ నాలుగు నెలలు ఇళ్ల వెంట తిరిగితే ఆ సెమిస్టర్ మిగలదు.

ఉస్తాద్‌కి చెప్తే ఆయన మొదట ఒక్కటే అన్నారు. "నువ్వు సదువుకో బేటా, సీజన్ నేన్ చూస్కుంటా. లేకిన్ ఏప్రిల్‌ల ఫోన్ ఎవరు ఎత్తుతరు?"

ఆ ప్రశ్న నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఏసీ పనిలో అసలు ఆస్తి ఫోనే. మండే ఎండలో ఇంట్లో ముసలివాళ్లో, పసిబిడ్డో ఉన్నప్పుడు ఏసీ ఆగితే మనుషులు ఒక్కసారి ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే రెండో మెకానిక్‌కి చేస్తారు. ఆ రెండోవాడు వెళ్లి బాగు చేస్తే వచ్చే ఏడాది నుంచి ఆ ఇల్లు వాడిది. నా ఇళ్లన్నీ నాకు ఇలాగే వచ్చాయి. కొన్నాళ్లు ఒక యాప్‌లో కూడా పని తీసుకున్నాను. కమిషన్ పోను చేతికొచ్చేది తక్కువ, ఆ కస్టమర్ ఎప్పటికీ యాప్ కస్టమరే, మన మనిషి కాడు. అందుకే మానేశాను. క్లాసులో థర్మోడైనమిక్స్ వింటూ జేబులో ఫోన్ వణుకుతుంటే ఎత్తలేని పరిస్థితి ఊహించుకుంటేనే నాకు టెన్షన్.

నాన్న ఉప్పల్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పనిచేస్తారు. ఇరవై ఎనిమిదేళ్లుగా నిలబడే పని. ఆయన దృష్టిలో ప్రపంచం రెండు భాగాలు, అద్దాల క్యాబిన్ లోపలివాళ్లు, బయటివాళ్లు. లోపలికి వెళ్లడానికి దారి డిగ్రీ. ఆయన్ని నేను తప్పనను. ఆయన చేసినంత నున్నగా షాఫ్ట్ తిప్పేవాళ్లు ఆ షెడ్డులో లేరు. అయినా డ్రాయింగులో తప్పుందని చెప్తే వినడానికి క్యాబిన్‌లోంచి ఎవరూ లేచి రారు. ఆ బాధ నాకు తెలుసు. నాకూ ఒకసారి తగిలింది. ఒక క్లినిక్ వాళ్లు పద్నాలుగు ఏసీలకి ఏడాది కాంట్రాక్ట్ ఇస్తామన్నారు. పని నచ్చింది, రేటు కూడా నచ్చింది. చివర్లో జీఎస్టీ నంబరు, ఇంజనీర్ సంతకంతో రిపోర్టు అడిగారు. సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ తప్పనిసరి, నేను ఆ దరిదాపుల్లో లేను, కావాలంటే స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. సంతకం మాత్రం ఎక్కణ్నించి తేను?

"సీటొచ్చినంక ఎవరన్నా వద్దంటరారా" అని అమ్మ ఏడ్చినంత పని చేసింది. ఏదో ఒక డిగ్రీ ఉండనీ, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చెయ్యి అంది. మా అక్క అక్కడే బీకాం చేసింది. 1982లో పెట్టిన యూనివర్సిటీ అది, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ, ఆదివారం క్లాసులతో మా అక్కలాంటివాళ్లని ఎంతోమందిని చదివించింది. నాకు దాని మీద ఎంతో గౌరవం ఉంది. కానీ నాకు కావలసింది హీట్ ట్రాన్స్‌ఫర్, అది బీకాంలో దొరకదు. పనిచేసేవాళ్ల కోసం సాయంత్రం వేళల్లో బీటెక్ నడపడానికి సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2023లో కాలేజీలకి దారి తెరిచింది. అది ఉద్యోగంలో ఉన్నవాళ్ల కోసం పెట్టింది. నాకు దగ్గర్లో మెకానికల్‌కి దొరకలేదు కూడా.

చివరికి నేను తేల్చుకున్నది ఇది. ఆ సీటు వద్దు. బీటెక్ కావాలి. ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) ఇంజనీరింగ్ కాలేజీలో కావాలి, లేదంటే జేఎన్టీయూ క్యాంపస్‌లో. ఓయూ కాలేజీ 1929 నాటిది. మా ఇంటి నుంచి హబ్సిగూడ మీదుగా బండి మీద పావుగంట. క్లాసు అయిన అరగంటకి నేను తార్నాకలోనో హబ్సిగూడలోనో ఒక ఇంట్లో ఏసీ విప్పుతూ ఉండగలను. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది, ఆదివారాలు పూర్తిగా. అప్పుడు సీజన్ మొత్తం పోదు, సగమైనా నిలుస్తుంది. ఘట్‌కేసర్ బస్సులో అది కుదరదు. దూరం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రోజుకి రెండు మూడు గంటలు మిగలడమంటే నాలాంటివాడికి రెండు మూడు ఏసీలు. అక్కడ లేటరల్ సీట్లు, అంటే డిప్లొమా వాళ్లు రెండో ఏడాదిలో చేరే సీట్లు చాలా తక్కువ, మంచి ర్యాంకు రావాలి. ఈసెట్ ర్యాంకు ఆ ఏడాదికే పనికొస్తుంది, డిప్లొమాకి మాత్రం గడువు లేదు. కాబట్టి మళ్లీ రాస్తాను. ఈసారి మేలో రాత్రిళ్లు కాదు, ఇప్పట్నుంచి ఫిబ్రవరి దాకా, పని తక్కువున్న నెలల్లోనే సిలబస్ పూర్తి చేస్తాను.

రెండోది పని సంగతి. నేను చేరే నాటికి నేను లేకుండా ఈ పని ఒక రోజంతా నడవాలి. ఇప్పుడు నడవదు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేశాను, ఆధార్‌తో ఆన్‌లైన్‌లోనే అయిపోయింది, రూపాయి ఖర్చు లేదు. కరెంట్ అకౌంట్ తెరిచాను. ఉస్తాద్‌తో కాగితం మీద రాసుకున్నాం, నా నంబరుకి వచ్చి ఆయన చేసే ప్రతి పనిలో ఎవరికి ఎంత అన్నది. ఆయన మొదట కాగితం ఎందుకన్నారు. మన మధ్య ఎప్పుడూ మాట రాకూడదనే ఉస్తాద్ అంటే సంతకం పెట్టారు. హెల్పర్‌కి బ్రేజింగ్ నేర్పిస్తున్నాను. పాత కాయిల్ ముక్కల మీద రోజూ సాయంత్రం అతుకులు వేయిస్తున్నాను. మొన్న వేసినవాటిలో చాలావరకు నైట్రోజన్ పరీక్షలో నిలిచాయి. గ్యాస్ రికవరీ మెషిన్, రెండో వాక్యూమ్ పంపు కొనాలి. చిన్న వ్యాపారాలకి అప్పిచ్చే ముద్ర పథకంలో 50 వేల దాకా శిశు లోన్ ఉంది, దానికి బ్యాంకులో అడిగి వచ్చాను.

ఫోన్ ఎత్తే పని మా అక్కకిచ్చాను. బోడుప్పల్‌లో ఉంటుంది, చిన్నపాప, బయటికి వెళ్లి ఉద్యోగం చేసే వీలు లేదు. కాల్స్ అన్నీ ఆమెకి డైవర్ట్ చేశాను. మొదటి వారంలోనే ఒక నోట్‌బుక్ పెట్టి ఇంటి పేరు, ఏసీ కంపెనీ, ఎన్ని టన్నులు, పోయినసారి ఏం చేశామో రాయడం మొదలుపెట్టింది. నేను ఇన్నాళ్లూ ఇవన్నీ తలలోనే మోసేవాణ్ని. "కూలింగ్ అస్సలు లేదా, కాసేపయ్యాక తగ్గుతుందా? నీళ్లు కారుతున్నాయా?" అని అక్క ముందే అడిగి చెప్తుంటే, నేను ఏ స్పేర్ తీసుకెళ్లాలో ఇంటి దగ్గరే తెలుస్తోంది. ప్రతి పనికీ ఆమె వాటా ఆమెకి వెళ్తుంది. బీకాం చదివిన మనిషి కాబట్టి లెక్కలు కూడా ఆమే రాస్తోంది. ఉస్తాద్ అడిగిన ప్రశ్నకి నా జవాబు మా అక్క. ఇది వచ్చే మార్చిలో నిలబడితే, ఆ ఏడాదే నేను ధైర్యంగా కాలేజీలో చేరతాను.

నాన్న నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక రాత్రి అన్నం తింటూ, ఓయూలో సీటు రాకపోతే ఏం చేస్తావని అడిగారు. ఇంకో ఏడాది కూడా రాస్తాను, ఆ తర్వాత ఎక్కడొస్తే అక్కడ చేరతాను అన్నాను. ఆ మాట మీద నిలబడమన్నారు. నెలకి ఐదు వేలు ఫీజు కోసం విడిగా వెయ్యాలని, ఆ పాస్‌బుక్ ఆయన దగ్గరే ఉండాలని షరతు పెట్టారు. ఒప్పుకున్నాను. మొదటి నెలది వేసేశాను.

పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇప్పుడు మ్యాథ్స్ చదువుతున్నాను. మాట్రిసెస్ అయ్యాయి, ఇంటిగ్రేషన్ నడుస్తోంది, తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. నన్ను మూడో పేజీలో ఆపింది అవే కాబట్టి వాటికి ఎక్కువ రోజులు పెట్టుకున్నాను. ఓయూలోనో జేఎన్టీయూ క్యాంపస్‌లోనో లేటరల్‌గా మెకానికల్ చదువుతూ, పక్కన ఏదైనా పని కూడా నడిపిస్తున్నవాళ్లు మీకు తెలిస్తే నాతో మాట్లాడించండి. ల్యాబ్‌లు పొద్దునా మధ్యాహ్నమా, ఏప్రిల్‌లో మిడ్ పరీక్షలు ఏ వారంలో పడతాయి, శనివారం క్లాసులు ఉంటాయా అన్నవి నాకు ముందే తెలియాలి. వచ్చే సీజన్‌కి ఉస్తాద్‌కి ఏ రోజులు, నాకు ఏ రోజులు అన్నది వాటిని బట్టే రాసుకోవాలి.